గాలిపూల డైరీ: ఎడిసన్ పెరట్లో రెండో ప్రయత్నం

2024 సెప్టెంబర్ 22, ఆదివారం

పోయినేడాది చలికాలానికి ముందు 25 గాలిపూల దుంపలు నాటితే మూడే మొలిచాయి. ఆ మూడింట్లో ఒక్కటే పూసింది. నీలం పువ్వు, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. మార్చి ఆఖర్లో మా ఊరు ఎడిసన్ ఉన్న న్యూజెర్సీలో పెరడు ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. గడ్డి ఇంకా ఎండుగానే ఉంటుంది, చెట్ల మీద ఒక్క ఆకు ఉండదు. అలాంటి నేల మీద ఆ ఒక్క పువ్వు విచ్చుకుంటే, రోజూ లంచ్ టైంలో బయటికి వెళ్లి దాని పక్కన గొంతుక్కూర్చుని చూసేదాన్ని. పది రోజులు ఉంది. ఆ పది రోజుల కోసమే ఈసారి 100 దుంపలు ఆర్డర్ పెట్టాను, డైరీ కూడా మొదలుపెట్టాను. పోయినసారి ఏదీ రాసుకోలేదు. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకోవడానికే నెలలు పట్టింది.

ఈ మొక్క పేరు అనిమోన్ బ్లాండా. ఇంగ్లిష్‌లో గ్రీషియన్ విండ్‌ఫ్లవర్ అంటారు. గ్రీకులో అనెమోస్ అంటే గాలి. మా పాప తన సొంతంగా "గాలిపువ్వు" అని పేరు పెట్టేసింది, ఇంట్లో అదే స్థిరపడింది. పుట్టిల్లు గ్రీసు, టర్కీల నుంచి లెబనాన్ దాకా ఉన్న కొండ ప్రాంతాలు. జానెడు ఎత్తు కూడా పెరగదు, నాలుగు నుంచి ఆరు అంగుళాలు. ఆకులు రాలే చెట్ల కింద, చెట్టుకి చిగురు వేసేలోపే గబగబా మొలిచి, పూసి, గింజ కట్టి, వేసవి మొదలయ్యేసరికి మళ్లీ మట్టిలోకి వెళ్లి పడుకుంటుంది. ఏడాదిలో పైన కనిపించేది మూడు నెలలే.

పోయినేడాది తప్పులు నాకు అర్థమైనంతవరకు ఇవి. గట్టర్ పైపు నీళ్లు పడే పల్లంలో నాటాను. 2023 డిసెంబర్‌లో, 2024 జనవరిలో ఇక్కడ వానలు దంచికొట్టాయి, ఆ మూల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. రెండోది, డాఫడిల్ దుంపల్లాగా ఐదారు అంగుళాల లోతులో పెట్టాను. వీటికి రెండు మూడు అంగుళాలు చాలు. మూడోది, నానబెట్టకుండా ఎండువి ఎండుగానే పాతేశాను. ఈ మూడో సంగతి మా వీధి చివరి ఇంటి పెద్దావిడ చెబితేనే తెలిసింది. ఆవిడ వాకిట్లో, పెద్ద ఓక్ చెట్టు చుట్టూ ఏటా నీలం దుప్పటి పరిచినట్టు పూస్తాయి ఇవి. అసలు నాకు ఈ పిచ్చి పట్టింది ఆ వాకిలి చూసే. జూన్‌లో నా పల్లంలో తవ్వి చూస్తే ఒక్క దుంప దొరికింది, వేలితో నొక్కితే లోపల ఏమీ లేదు, ఖాళీ తొక్క.

అక్టోబర్ 12, శనివారం

దసరా. పొద్దున పూజ అయ్యాక పార పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఆయుధపూజ మర్నాడు ఆయుధం పట్టడం సరైన పనే అనిపించింది.

ఇవాళ పని స్థలం తేల్చడం. రెండు చోట్ల అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి, ఇంకిపోయాక మళ్లీ నింపి, రెండోసారి ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. పాత పల్లంలో తొమ్మిది గంటలు దాటింది. ముందు వాకిట్లో డాగ్‌వుడ్ చెట్టు కింద వాలులో రెండున్నర గంటలు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. పోయినేడాది ఈ ఒక్క పని చేసి ఉంటే 22 దుంపలు బతికేవి.

డాగ్‌వుడ్ కింద ఇంకో లాభం కూడా ఉంది. దానికి ఆకు ఏప్రిల్ చివరికి గానీ నిండదు. మార్చిలో ఎండ నేరుగా నేల మీద పడుతుంది, దుంపకి కావాల్సింది ఆ ఎండే. ఆ తర్వాత నీడ పడ్డా ఇబ్బంది లేదు.

రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌కి పంపిన మట్టి రిపోర్టు కూడా వచ్చింది. పీహెచ్ 5.7, అంటే పులుపు మట్టి. గాలిపూలకి ఇంకొంచెం తటస్థంగా ఉంటే మంచిది. కానీ డాగ్‌వుడ్‌కి పులుపు మట్టే ఇష్టం. అందుకని చెట్టు మొదలు వదిలేసి, వాలు కింది భాగంలో మాత్రం తేలిగ్గా సున్నం చల్లాను. చెట్టు ముందు నుంచీ ఉన్నది, దాని తర్వాతే కొత్తగా వచ్చేవి.

వాన జాడ లేదు. నెల మొదలై 12 రోజులైంది, ఒక్క చుక్క పడలేదు. మా ప్రాంతంలో మట్టి ఎర్రటి బంకమన్ను, ఎండితే ఇటుక. పార దిగడానికి రెండు రోజుల ముందు నుంచి తడపాల్సి వచ్చింది.

అక్టోబర్ 19, శనివారం

పార్సిల్ వచ్చింది. తెలుపు 40, వాటి పేరు వైట్ స్ప్లెండర్. నీలం 40, బ్లూ షేడ్స్. మూడోది రాడార్ అనే రకం, ముదురు గులాబీ రంగుకి మధ్యలో తెల్లటి వలయం ఉంటుంది, అవి 20. తెలుపు, నీలం ఒక నర్సరీ నుంచి తెప్పించాను. రాడార్ వేరే చోట చివరి సరుకు తగ్గింపులో దొరికితే తీసుకున్నాను.

టర్కీ కొండల్లో అడవి దుంపలు తవ్వి ఎగుమతి చేయడం వల్ల ఒకప్పుడు ఈ మొక్కకి చాలా చేటు జరిగింది. ఇప్పుడు అక్కడ ఏటా ఇంతే అని కోటా ఉంది. కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ మీద తోటలో పెంచినవా కాదా చూసి మరీ కొన్నాను. నావి హాలెండ్‌లో పెంచినవి. అందరూ ఇది చూసి కొనాలని నా కోరిక.

మొదటిసారి చూసే వాళ్లకి ఇవి దుంపలని చెబితే నమ్మరు. నల్లగా, గట్టిగా, గరుకుగా, ముక్కలు చేసిన శొంఠి కొమ్ముని మసిలో దొర్లించినట్టు ఉంటాయి. కొన్ని చింతగింజంత, కొన్ని బొటనవేలి గోరంత. ఏది పైవైపో ఏది కిందవైపో పట్టుకోవడానికి ఒక్క గుర్తూ ఉండదు. ఉల్లిగడ్డకి మొనా వేర్లూ తెలుస్తాయి, వీటికి అదీ లేదు. భూతద్దం పెట్టి చూసినా దొరకలేదు.

నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన దుగ్గిరాల దగ్గర 40 ఏళ్లుగా పసుపు వేస్తున్నారు. మట్టిలో పెరిగే దుంపల సంగతి ఆయన కన్నా తెలిసినవాళ్లు నాకు లేరు.

"నాన్నా, ఇందులో పైన ఏదో కింద ఏదో తెలియట్లేదు."

"కెమెరా దగ్గరికి పెట్టమ్మా... ఇంకా దగ్గరికి. మొలక కన్ను కనపడుతోందా?"

"లేదు."

"ఎండి ముడుచుకుపోయి ఉంటే కన్నెక్కడ కనపడుతుంది. రాత్రంతా నీళ్లలో వెయ్యి, ఉబ్బుద్ది. అప్పటికీ తెలియకపోతే అడ్డంగా పడుకోబెట్టెయ్. మేం పసుపు కొమ్ము పొలంలో వేసేటప్పుడు ఒక్కోదాని మొహం చూసి వేస్తామా?"

ఇక్కడి వాళ్లు రాసిన సలహాలు కూడా అడ్డంగా పెట్టమనే చెబుతున్నాయి. కానీ నాన్న నోటి నుంచి వింటేనే నాకు ధైర్యం వచ్చింది.

అక్టోబర్ 31, గురువారం, దీపావళి

రాత్రి దీపాలు పెట్టాక మూడు గిన్నెల్లో గోరువెచ్చటి నీళ్లు పోసి దుంపలు వేశాను. రేపు శుక్రవారం పొద్దున తీసి, తడిగుడ్డలో చుట్టి, శనివారం నాటాలని ప్లాన్.

నవంబర్ 2, శనివారం

తెలుపు, గులాబీ నిన్న పొద్దునే తీశాను. నీలం గిన్నె మాత్రం సింక్ పక్కన పండగ గిన్నెల వెనక ఉండిపోయింది. ఇవాళ పొద్దున దొరికింది. రెండు రాత్రులు నానాయి. ఆరు మెత్తబడి, వేలితో నొక్కితే దిగిపోతున్నాయి, పుల్లటి వాసన. పారేశాను. బాధేసింది. మిగతా 34 గట్టిగానే ఉన్నాయి.

ఇక్కడ రాసిపెట్టుకోవాల్సిన ముక్క: నాలుగు గంటలు చాలు, ఒక రాత్రి ఎక్కువలో ఎక్కువ. దుంప కూడా ఊపిరి తీసుకోవాలి.

నానిన దుంప పట్టుకుంటే ఆశ్చర్యంగా ఉంది. నిన్నటి రాయి ఇవాళ దాదాపు రెట్టింపైంది. మడతలు విప్పుకున్నాయి. నాన్న చెప్పినట్టే కొన్నింటికి ఒక పక్కన లేత గులాబీ రంగులో ఆవగింజంత బుడిపె తేలింది. పాప భూతద్దం తెచ్చి ప్రతిదాన్నీ పరీక్ష చేసింది. 94 దుంపల్లో 31కే కన్ను కనిపించింది, లెక్క తనదే. కన్నున్నవి పైకి చూసేలా, మిగతావి అడ్డంగా పెట్టాలని తీర్మానం.

నాటడం ఇవాళా రేపూ. ఆకులెరువు మూడు బస్తాలు కలిపాను. డాగ్‌వుడ్ వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి పార వాడలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న బొరిగెతో ఒక్కో గుంట రెండున్నర అంగుళాలు. వరసలు కట్టలేదు. గుప్పెడు దుంపలు తీసుకుని నేల మీద చల్లి, ఎక్కడ పడితే అక్కడే నాటాను. మరీ దగ్గరగా పడ్డవి మాత్రం నాలుగు అంగుళాల ఎడం వచ్చేలా జరిపాను. వరసలో పెడితే కూరగాయల మడిలా కనిపిస్తుంది, కొండవాలులా ఉండదు.

ఒక ప్రయోగం కూడా చేశాను. పాత పల్లంలోనే నాలుగు అంగుళాల ఎత్తు మట్టి దిబ్బ పోసి, పది తెల్లవి అందులో పెట్టాను. తప్పు ఆ చోటుదా, నీళ్లదా తేలాలి.

నవంబర్ 3, ఆదివారం

గడియారాలు ఒక గంట వెనక్కి. పొద్దున దొరికిన ఆ గంటలో మిగతా 40 నాటడం అయిపోయింది. నడుం పట్టేసింది. మొత్తం 94.

నవంబర్ 5, మంగళవారం

ఉడతలు. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే వాటికి చేతులూరుకోవు. ఈ దుంపలు తినవు, ఘాటు. కానీ తవ్వి బయట పడేస్తాయి. ఐదు గుంటలు ఖాళీ. మూడు దుంపలు గడ్డిలో దొరికాయి, మళ్లీ పెట్టాను. రెండు నీలం పోయాయి. సాయంత్రం మా ఆయన కోళ్ల గూటికి వాడే ఇనుప వల తెచ్చి, మడి అంతా పరిచి, మూలల్లో మేకులు కొట్టారు. మొదటి రోజే చేయాల్సిన పని ఇది. నేల గడ్డకట్టాక తీసేయొచ్చు.

నవంబర్ 13, బుధవారం

ఇవాళ రాష్ట్రం అధికారికంగా కరువు హెచ్చరిక ప్రకటించింది. అక్టోబర్ నెల ఇక్కడ రికార్డులు మొదలయ్యాక ఎప్పుడూ లేనంత పొడిగా గడిచింది. అడవులు అంటుకుంటున్నాయి, పొద్దున తలుపు తీస్తే పొగ వాసన. నీళ్లు పొదుపుగా వాడమంటున్నారు. పైపు పెట్టి తోటకి నీళ్లు కొట్టడానికి మనసొప్పలేదు.

కానీ నానబెట్టి నాటిన దుంపని మళ్లీ ఎండనిస్తే అది చచ్చిపోతుంది. వేర్లు ఇప్పుడే వేసుకోవాలి, నేల గడ్డకట్టకముందే. ఇక్కడ పైన ఏమీ కనిపించకపోయినా అసలు పని జరిగే నెల ఇదే. అందుకని రెండు పూటలా బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్‌లో పట్టి, చెంబుతో మడి మీద చల్లుతున్నాను. అమ్మమ్మ ఇంట్లో కడుగు నీళ్లు ఎప్పుడూ బయట పారబోసేవాళ్లు కాదు, గేదె కుడితిలోకో, బచ్చలి పాదుకో పోయేవి. చిన్నప్పుడు అది పొదుపని కూడా అనుకోలేదు, నీళ్లంటే అలాగే వాడతారని అనుకున్నాను.

రోజుకి రెండు బకెట్లు. వేలు దూర్చి చూస్తే రెండు అంగుళాల కింద తడి తగులుతోంది.

నవంబర్ 21, గురువారం

వాన! రాత్రంతా పడింది. కిటికీ తీసి వాసన చూస్తూ నిలబడ్డాను.

2025 జనవరి 19, ఆదివారం

మంచు పడుతోంది. వల డిసెంబర్ మూడో వారంలో తీసేశాను, ఆకులు మాత్రం రెండు అంగుళాల మందాన కప్పి ఉంచాను. ఈ వారం చలి బాగా దిగుతుందంటున్నారు. అమ్మ ఫోన్‌లో "పాపం, ఆ దుంపలు ఏమైపోతాయో" అని ఒకటే టెన్షన్. ఈ చలి వాటికి కావాలి అని చెప్పాను. వారాల తరబడి చలి తగలకపోతే పువ్వే రాదు. మన గుంటూరు, తెనాలిలో ఇవి బతకకపోవడానికి కారణం ఎండలు ఒక్కటే కాదు, చలికాలం చాలకపోవడం కూడా.

మార్చి 8, శనివారం

వారం నుంచి రోజూ వెతుకుతున్నాను. ఇవాళ ఆకుల కప్పు చేత్తో పక్కకి తీశాను, చాలా మెల్లగా. మట్టి మీద చిన్న చిన్న పగుళ్లు. అంతే.

మార్చి 11, మంగళవారం

మొలిచాయి!

మొలక నిటారుగా రాదు. గొడుగు పిడిలా వంగి, వీపుతో మట్టిని నెట్టుకుంటూ వస్తుంది. తల ఇంకా లోపలే ఉంటుంది, ముందు మెడ బయటికి వస్తుంది. రంగు ఆకుపచ్చ కాదు, వంకాయ తొడిమ దగ్గరి ఊదా. ఎండిన ఆకుల మధ్య మొదట అసలు కనిపించలేదు. ఒకటి కనిపించాక కళ్లు అలవాటు పడ్డాయి, ఒకటొకటిగా 17 లెక్కపెట్టాను. లెక్కపెడుతుంటే గొంతు పూడుకుపోయింది.

వాలు పైభాగంలో, ఎండ ఎక్కువ తగిలే చోటే అన్నీ. కింద ఇంకా ఏమీ లేదు.

మార్చి 16, ఆదివారం

42. దిబ్బ మీద పదిలో ఆరు వచ్చాయి. ఆకు విచ్చుకున్న వాటికి మధ్యలో మొగ్గ తల దించుకుని ఉంది.

మార్చి 24, సోమవారం

మొదటి పువ్వు. తెలుపు.

ఇవాళ ఆఫీసు పని ఇంటి నుంచే. అందుకని గంటకోసారి బయటికి వెళ్లి చూశాను. ఎనిమిదిన్నరకి మొగ్గ మూసే ఉంది, కాడ వంగి ఉంది. తొమ్మిదిన్నరకి కాడ నిలబడింది. పదింబావుకి బయటి రేకులు విడివడ్డాయి, రేకుల వెనకవైపు లేత గులాబీ జీర ఉంది, ముందు నుంచి చూస్తే అది తెలియదు. పదకొండుకి పూర్తిగా చదునుగా, పళ్లెంలా విచ్చుకుంది. రేకులు 14. మధ్యలో పచ్చటి బుడిపె, దాని చుట్టూ పసుపుపచ్చ కేసరాలు గుంపుగా. సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ ముడుచుకోవడం మొదలైంది, ఆరుకి మొగ్గలా అయిపోయింది.

నేను రేకులు అంటున్నాను గానీ వృక్షశాస్త్రం ప్రకారం ఈ పువ్వుకి ఆకర్షణ పత్రాలు, అంటే అసలు రేకులు, లేవు. రంగు వేసుకున్నవి రక్షక పత్రాలే, అంటే మామూలుగా మొగ్గని కప్పి కాపాడేవి. నల్లజీలకర్రది కూడా ఇదే కుటుంబం, అదే కలోంజీ. దాని నీలిపువ్వులో రేకుల్లా కనిపించేవి కూడా రక్షక పత్రాలే. ఈ చుట్టరికం తెలిశాక ఈ గ్రీకు పువ్వు నాకు కొంచెం మన ఇంటి మనిషిలా అనిపించింది.

గాలి వీస్తే తప్ప ఈ పువ్వు విచ్చుకోదని రోమన్ రచయిత ప్లినీ దాదాపు రెండు వేల ఏళ్ల కింద రాశాడు. నేను చూసినంతలో దీన్ని తెరిచేది గాలి కాదు, ఎండ. ఇవాళ ఆకు కదిలేంత గాలి కూడా లేదు, ఎండ మాత్రం తగిలింది. అయితే కాడ ఎంత సన్నం అంటే, పక్కన నేను ఊపిరి వదిలినా తల ఊగింది. పేరు అలా వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మార్చి 30, ఆదివారం, ఉగాది

విశ్వావసు మొదలైంది. పచ్చడిలోకి వేపపువ్వు ఇండియన్ స్టోర్ ప్యాకెట్‌దే, ఎండుది. మామిడికాయ కూడా కొన్నదే. బయట నాది అనేది ఈ మడి ఒక్కటి.

నిన్న ఎండ బాగా కాసింది, వేసవిలా. 26 పువ్వులు ఒకేసారి విచ్చుకున్నాయి, వీధిలో నడిచేవాళ్లు ఆగి చూశారు. పండగ రోజు స్నేహితులు వస్తారు, అందరికీ చూపించాలని ఎంతో ఆశ పెట్టుకున్నాను. ఇవాళ పొద్దున్నుంచి మబ్బు. ఒక్కటీ తెరవలేదు. వచ్చినవాళ్లందరినీ తీసుకెళ్లి ముడుచుకున్న మొగ్గలే చూపించాను. ఒకావిడ మాత్రం వంగి చాలాసేపు చూసి, "మా ఊళ్లో చంద్రకాంతలు సాయంత్రం పూస్తాయి, ఇవి ఎండకి పూస్తాయి, ఎవరి వేళ వాళ్లది" అంది. ఆ మాట విన్నాక ఇంక ఎవరికీ సర్దిచెప్పుకోవాలని అనిపించలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

రాత్రి మంచుకాటు. పొద్దున ఏడింటికి మొక్కలన్నీ నేలకి అంటుకుపోయి, ఆకుల అంచుల మీద తెల్లటి నూగు. చచ్చిపోయాయనే అనుకున్నాను. పదిన్నరకి లేచి నిలబడ్డాయి. ఒక్క రేకు నల్లబడలేదు. కొండల మీద పుట్టినవి కదా.

ఏప్రిల్ 13, ఆదివారం

లెక్కల రోజు. పాప పెన్సిలు, నేను కొలబద్ద.

తెలుపు 40 నాటితే 35 మొలిచాయి. నీలం 34కి 27, ఉడతలు ఎత్తుకుపోయిన రెండింటినీ కూడా నష్టంలోనే వేశాను. రాడార్ 20కి 11. మొత్తం 94కి 73. వీటిలో 58 పూశాయి. మిగతావి ఆకు వేసి ఊరుకున్నాయి, వచ్చే ఏడు పూస్తాయని ఆశ. దిబ్బ మీద నాటిన పదికి తొమ్మిది వచ్చాయి. అంటే తప్పు ఆ చోటుది కాదు, నిలిచే నీళ్లదే. అదే మూల, అదే మన్ను, నాలుగు అంగుళాల ఎత్తు తేడా, అంతే.

రాడార్ దెబ్బతినడానికి కారణం నాకు తెలిసినట్టే ఉంది. వచ్చినప్పుడే అవి తేలిగ్గా, మరీ ఎండిపోయి ఉన్నాయి. నానబెట్టినా సగం ఉబ్బలేదు. తగ్గింపు ధర చూసి చివరి సరుకు కొనడం ఇంక వద్దు. అమ్మకం మొదలైన వారంలోనే కొనాలి. ఎన్ని రోజులు గోడౌన్‌లో ఎండితే అంత నష్టం. అయితే పూసిన రాడార్ పువ్వు మాత్రం అద్భుతం. దూరం నుంచి చూస్తే కుంకుమలో ముగ్గుపిండి చుక్క పెట్టినట్టు ఉంటుంది.

కన్ను పైకి పెట్టినవాటికీ అడ్డంగా పెట్టినవాటికీ మొలకలో తేడా కనిపించలేదు. ఇది నాన్నకి చెబితే "మరి?" అన్నారు, అంతే.

తేనెటీగలు వస్తున్నాయి. ఎక్కువగా చిన్నవి, మట్టిలో బొరియలు చేసుకుని ఉండేవి. కాళ్లకి లేత పసుపు పుప్పొడి మూటలు కట్టుకుని పువ్వు మీద నుంచి పువ్వు మీదకి పోతున్నాయి. ఈ సమయానికి ఇక్కడ వాటికి పూలు దొరికే చోట్లు తక్కువ.

ఏప్రిల్ 21, సోమవారం

అత్తయ్యగారు శుక్రవారం వచ్చారు, ఆగస్టు దాకా ఉంటారు. ఇవాళ నేను మీటింగ్‌లో ఉండగా కిటికీలోంచి చూస్తే ఆవిడ మడి దగ్గర వంగి ఉన్నారు. చేతిలో నాలుగు రెమ్మలు. పరుగెత్తాను.

"కొత్తిమీర ఇంత బాగా వచ్చిందే, చారులోకి నాలుగు రెమ్మలు..."

"అత్తయ్యా, అది కొత్తిమీర కాదండీ, తినకూడదు. ముందు చేతులు కడుక్కోండి, సబ్బుతో."

ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. గాలిపువ్వు ఆకు చీలికలు చీలికలుగా, అచ్చం ముదురు కొత్తిమీరలా ఉంటుంది. వాసన చూస్తే తేడా తెలుస్తుంది, దీనికి కొత్తిమీర వాసన రాదు. కానీ కోసే తొందరలో వాసన ఎవరు చూస్తారు. పచ్చి మొక్కలో ప్రోటోఅనిమోనిన్ అనే పదార్థం ఉంటుంది. నోట్లో పడితే మంట, పొక్కులు, కడుపులో వికారం. రసం తగిలితే కొందరికి చర్మం కూడా దద్దుర్లు తేలుతుంది. జింకలు, కుందేళ్లు ఈ మొక్క జోలికి రాకపోవడానికి కారణం ఇదే. మా వీధిలో జింకలు తులిప్‌లన్నీ మేసేసినా ఇటువైపు చూడలేదు.

అత్తయ్యగారికి ఏమీ కాలేదు. సాయంత్రానికల్లా నా అసలు కొత్తిమీర తొట్టెని వెనక వాకిట్లోకి, వంటింటి తలుపు పక్కకి మార్చాను. రెండూ ఒకే వైపు ఉండకూడదు. మడి ముందు ఒక పలక రాసి పెట్టాను, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. పాపకి, దాని స్నేహితులకి కూర్చోబెట్టి చెప్పాను: చూడండి, వాసన చూడండి, కోయకండి.

మే 17, శనివారం

పూలు అయిపోయి మూడు వారాలు. డాగ్‌వుడ్ తెల్లగా పూసి, ఆకు పట్టి, నీడ పరిచింది. కాడల చివర గింజల ముద్దలు, చిట్టి రేగుకాయంత, పచ్చగా. వేలు తగిలితే ఊడిపోయేంత ముదిరాక కొన్ని ఏరి, ఎండనివ్వకుండా వెంటనే వాలు కింది భాగంలో చల్లి, పైన పలచగా ఆకులెరువు చిలకరించాను. గింజ నుంచి పువ్వు రావడానికి రెండు మూడేళ్లు. మిగతావి వాటంతటవే రాలనిచ్చాను. వీధి చివరి పెద్దావిడ వాకిట్లో దుప్పటి అలాగే అల్లుకుంది, ఆవిడ మొదట నాటినవి 50 మాత్రమేనట.

ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి. మా ఆయన గడ్డి కోసే మెషిన్ తీశారు. ఇంకో మూడు వారాలు ఈ వైపు రావద్దని చెప్పాను. పండుతున్న ఆకు చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ వచ్చే ఏడాది పువ్వు ఇప్పుడు ఆ ఆకులోంచే దుంపలోకి దిగుతోంది. నాన్న అయితే దీన్ని ఒక్క ముక్కలో చెబుతారు: ఆకు ఎండకుండా పసుపు తవ్వితే బరువు తూగదు.

జూన్ 8, ఆదివారం

పైన ఏమీ లేదు. ఇక్కడ మొక్కలు ఉండేవని చెప్పినా ఎవరూ నమ్మరు.

మడి హద్దులకి చిన్న చిన్న కర్రలు పాతాను, ప్రతి గుంపు దగ్గరా రంగు రాసిన పుల్ల పెట్టాను. ఇప్పుడు మర్చిపోయి ఎవరైనా తవ్వితే అంతా పోతుంది. వేసవిలో ఈ మడికి నీళ్లు పెట్టకూడదు, దుంప నిద్రలో ఉన్నప్పుడు తడిగా ఉంటే కుళ్లుతుంది. డాగ్‌వుడ్ వేర్లు మిగులు తేమని ఎలాగూ లాగేసుకుంటాయి. ఆ చెట్టు కింద పెట్టడం ఇంకో రకంగా కూడా కలిసొచ్చింది.

నాన్న ఫోన్ చేశారు. అక్కడ తొలకరి పడింది, పసుపు విత్తనం సిద్ధం చేస్తున్నారు. కెమెరా తిప్పి చూపించారు, కొట్టం నిండా కొమ్ములు, కన్నులన్నీ ఉబ్బి ఉన్నాయి. నావి పడుకున్నప్పుడు ఆయనవి లేస్తున్నాయి.

అక్టోబర్ 11, శనివారం

కొత్తవి 60 వచ్చాయి. ఈసారి అమ్మకం తెరిచిన వారంలోనే కొన్నాను. 30 తెలుపు, 30 నీలం. ఇవి ఇంటి పక్క నడవ వెంట.

పాత మడిలో పాప పట్టుబట్టి ఒక్క చోట తవ్వి చూద్దామంది. దిబ్బ మీద, చివరి పుల్ల దగ్గర, చేత్తోనే మట్టి తీశాం. దొరికింది. పోయినేడాది చింతగింజంత పెట్టాం. ఇప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంది, బరువుగా, గట్టిగా. ఒక పక్కన కాదు, మూడు పక్కల కన్నులున్నాయి. పాప వాటిని వేలితో ముట్టుకోకుండా పైపైన గాలిలోనే లెక్కపెట్టి, దుంపని మళ్లీ అదే గుంటలో, అదే వైపు చూసేలా పెట్టి, రెండు గుప్పిళ్ల మట్టి వేసింది.